పాలమూరులో మొదలైన ఆరోగ్యశ్రీ: పరిశోధనలను ఎట్లా చదవాలి?

పుట్టపాక
సోమవారం, రాత్రి 9:40

అందరికీ నమస్కారం. వచ్చే నెల మా మండలంలో యువజన సంఘాల చర్చ పెట్టారు. సర్కారు పైసలు ఆరోగ్యశ్రీకి ఎక్కువ పెట్టాలా, పీహెచ్‌సీలకు, ఏరియా దవాఖానలకు ఎక్కువ పెట్టాలా అన్నది విషయం. మాట్లాడే వంతు నాకు వచ్చింది. నాలుగు పరిశోధనలు చదివి పోదామని కూర్చుంటే తల తిరిగిపోయింది. కర్ణాటకలో బీమా పథకం వల్ల చావులు 64 శాతం తగ్గాయని ఒక దాంట్లో ఉంది. మన ఆరోగ్యశ్రీ మీద చేసిన దాంట్లో, వైద్యం ఖర్చుతో చితికిపోయే కుటుంబాల విషయంలో స్పష్టమైన తేడా కనిపించలేదని ఉంది. అమెరికాలో బీమా ఇచ్చినా బీపీ, షుగర్ తగ్గలేదని ఇంకొకటి. మూడూ పేరున్న పత్రికల్లో వచ్చినవే. ఏది పట్టుకోవాలి?

నాకు ఇది చర్చ కోసమే కాదు. 2019లో మా నాయనకు పట్నంలో, అంటే హైదరాబాద్‌లో, ఆరోగ్యశ్రీ కింద గుండెకు స్టెంటు వేశారు. ఆపరేషన్‌కు రూపాయి తీసుకోలేదు. అయినా చేసిన అప్పు తీరడానికి ఏడాదిన్నర పట్టింది. పథకం మిమ్మల్ని కాపాడిందా అని ఎవరైనా అడిగితే అవునని చెప్పాలో, కాదని చెప్పాలో నాకే తెలియదు.

లెక్కల మేడం, పాలమూరు
సోమవారం, రాత్రి 10:25

తమ్ముడూ, మూడూ నిజమే కావచ్చు. ఒకటి చావులను లెక్కపెట్టింది, ఒకటి ఇంటి ఖర్చును, ఇంకొకటి ఒంట్లో బీపీని, షుగర్‌ను. అవి వేర్వేరు ప్రశ్నలు. ఏ పరిశోధన తీసుకున్నా నేను ముందు చూసేది ఇదే: వీళ్లు ఏం కొలిచారు? ఆ తర్వాత: ఎవరితో పోల్చారు?

పోలిక సంగతి మన పాలమూరుతోనే, అంటే మహబూబ్‌నగర్ జిల్లాతోనే చెప్తాను. ఆరోగ్యశ్రీ 2007 ఏప్రిల్ 1న మహబూబ్‌నగర్, అనంతపురం, శ్రీకాకుళం జిల్లాల్లో మొదలైంది. నల్లగొండ, రంగారెడ్డి రెండో విడతలో, అదే ఏడాది డిసెంబరులో చేరాయి. 2008 జూలై నాటికి రాష్ట్రమంతా వచ్చింది. అంటే ఎనిమిది నెలల పాటు పాలమూరులో కార్డు పనిచేసింది, పక్కనే ఉన్న నల్లగొండలో పనిచేయలేదు. పరిశోధన కోసం ఎవరూ అట్లా చేయలేదు, విడతలవారీగా పోయారంతే. కానీ పరిశోధకులకు అది మంచి అవకాశమైంది.

విక్టోరియా ఫ్యాన్, అనూప్ కరణ్, అజయ్ మహల్ 2012లో ప్రచురించింది అటువంటిదే. జాతీయ శాంపిల్ సర్వే లెక్కలు తీసుకుని, పథకం ముందుగా వచ్చిన జిల్లాల్లో ఖర్చు ఎంత మారింది, రాని చోట ఎంత మారింది, ఈ రెండు మార్పుల మధ్య తేడా ఎంత అని చూశారు. తొలి విడత జిల్లాల్లో దవాఖానలో పడుకున్నప్పటి సొంత ఖర్చు తగ్గింది. ఓపీ ఖర్చు కూడా తగ్గింది కానీ అంతగా కాదు. ఖర్చు వల్ల పేదరికంలోకి జారిపోవడం విషయంలో మాత్రం స్పష్టమైన ఫలితం కనిపించలేదు. మనం గుర్తుపెట్టుకోవాల్సిన మాట ఇంకొకటి ఉంది: ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు మిగతా వాళ్లకు అందినంత మేలు అందలేదు.

ఇక దీంట్లో బలహీనత. ఆ మూడు జిల్లాలను లాటరీ తీసి ఎంచుకోలేదు. కరువు, వలస ఉన్న జిల్లాలవి. పథకం రాకపోయినా ఆ ఏడాది మిగతా జిల్లాల లాగే మారి ఉండేవా? పైగా 2006 ఫిబ్రవరిలో ఉపాధి హామీ మొదలైంది. మహబూబ్‌నగర్, అనంతపురం దాని తొలి విడతలోనే ఉన్నాయి. చేతిలో కూలి పైసలు ఆడితే దవాఖానకు పోయే తీరు కూడా మారుతుంది. నల్లగొండ కూడా ఉపాధి హామీ తొలి విడతలోనే ఉంది కాబట్టి మన రెండు జిల్లాల వరకు పోలిక కొంత నిలబడుతుంది. శ్రీకాకుళం ఆ విడతలో లేదు. ఇట్లాంటివన్నీ ఒక్కొక్కటిగా తీసి చూడాలి.

మిర్యాలగూడ మెడికల్స్
మంగళవారం, ఉదయం 7:15

మేడం, మీ మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇరవై రెండేళ్లుగా మెడికల్ షాపు నడుపుతున్నాను. ఆరోగ్యశ్రీ రాకముందు కిడ్నీ, గుండె జబ్బు వచ్చిన ఇల్లు పొలం అమ్ముకోవడం నా కళ్లతో చూశాను. తర్వాత అది తగ్గింది. దీనికి ఇన్ని పోలికలు, ఇన్ని అనుమానాలు అవసరమా?

లెక్కల మేడం, పాలమూరు
మంగళవారం, ఉదయం 8:02

అన్నా, మీరు చూసింది అబద్ధమని నేను అనను. కానీ మీ కౌంటర్ దగ్గరికి వచ్చేది మందులు కొనగలిగినవాళ్లు. జబ్బు తెలియక, తెలిసినా పట్నం పోలేక ఇంట్లోనే ఉండిపోయినవాళ్లు మీకు కనబడరు. సర్వే అవసరమయ్యేది వాళ్ల కోసమే.

సబ్‌సెంటర్ అక్క
మంగళవారం, మధ్యాహ్నం 1:30

సర్వేలోనూ అందరూ కనబడరు మేడం. నేను అచ్చంపేట వైపు ఏఎన్‌ఎంను, అంటే సబ్‌సెంటర్ నర్సును. మా ఊళ్లోకి సర్వే అమ్మాయిలు ట్యాబ్ పట్టుకుని పొద్దున పదకొండింటికి వస్తారు. పత్తి ఏరే రోజులు. ఊళ్లో ఉండేది ముసలివాళ్లు, పసిపిల్లలు. మంచి సర్వేవాళ్లు సాయంత్రం మళ్లీ వస్తారు, అది నేను చూశాను. కానీ ఇంటికి తాళం వేసి పుణె, ముంబై పోయినవాళ్ల కోసం ఎన్నిసార్లు వచ్చినా ఏం లాభం? వాళ్లు ఉగాదికో పీర్ల పండుగకో వస్తారు, నాలుగు రోజులుండి పోతారు. నా రిజిస్టర్‌లో వాళ్ల పేర్ల పక్కన ఎర్ర పెన్నుతో "వలస" అని రాసుకుంటాను. ఒక్కో పేజీలో మూడో వంతు ఎర్రగా ఉంటుంది. దెబ్బ తగిలినా జబ్బు చేసినా అక్కడే చూపించుకుంటారు. ఇక్కడి కార్డు అక్కడ వాళ్ల అక్కరకు రాలేదు. పాలమూరు మీద ఏ లెక్క తీసినా ఆ ఎర్ర పేర్లు ఉన్నాయా లేవా అని నేను మొదట చూస్తాను.

ఎస్సీ, ఎస్టీలకు తక్కువ అందిందని మీరు రాసింది చదివాక మన్ననూరు పైన చెంచు పెంటలు, అంటే అడవిలో చెంచుల గూడేలు గుర్తొచ్చాయి. కార్డు ఉంటుంది. ఆపరేషన్ ఫ్రీ అని కూడా తెలుసు. అక్కడి నుంచి పట్నంలో దవాఖాన దాకా తోడు ఎవరు పోతారు, ఇంట్లో ఎవరు ఉంటారు, అక్కడ ఎవరితో మాట్లాడాలి? ఈ మూడు ప్రశ్నలకు కార్డులో జవాబు లేదు.

గద్వాల కోట
మంగళవారం, సాయంత్రం 6:48

64 శాతం సంగతి ఎవరైనా విప్పి చెప్పండి. మా మేనత్త వాళ్లది రాయచూరు. ఆ పథకం అక్కడ మాకు బాగా తెలుసు. అది మన రాష్ట్రం సరిహద్దు మీద చేసిన అధ్యయనమా?

హౌస్‌సర్జన్
మంగళవారం, రాత్రి 11:10

కాదన్నా, కర్ణాటక లోపలి గీత మీద చేసింది. అక్కడి బీమా పథకం వాజపేయి ఆరోగ్యశ్రీ 2010లో మొదట ఉత్తర కర్ణాటకకే వచ్చింది. రాయచూరు కూడా అందులో ఉంది. దక్షిణాది జిల్లాలకు తర్వాత ఇచ్చారు. ఆ రెండింటి మధ్య గీతకు అటు ఇటు ఉన్న పల్లెలను పోల్చారు. నీరజ్ సూద్, ఆయనతో పనిచేసినవాళ్లు 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో ప్రచురించారు. గీతకు అటు ఇటు ఒకే నేల, ఒకే పంటలు, దాదాపు ఒకే జీవితం. కార్డు మాత్రమే తేడా. అందుకే నాకు ఈ పద్ధతి నచ్చింది.

పథకం ఉన్న వైపు పేద కుటుంబాల్లో, పథకం కిందికి వచ్చే జబ్బులతో చనిపోయినవాళ్లు 0.32 శాతం. లేని వైపు 0.90 శాతం. 64 శాతం తగ్గిందనేది ఇక్కడి నుంచి వచ్చింది. అదే పదివేల లెక్కన చెప్తే 90 నుంచి 32. పుట్టపాక తమ్ముడూ, నువ్వు సభలో మాట్లాడేటప్పుడు రెండూ చెప్పు. 64 అని ఊరుకుంటే మొత్తం చావుల్లో మూడింట రెండు వంతులు ఆగిపోయాయని జనం అనుకుంటారు. అది పథకం కిందికి వచ్చే జబ్బుల చావుల సంగతి మాత్రమే.

ఆ పరిశోధనను నేను నమ్మడానికి ఇంకో కారణం ఉంది. పథకం వర్తించని కాస్త ఉన్నవాళ్ల ఇళ్లలో కూడా వాళ్లు లెక్క తీశారు. అక్కడ గీతకు అటు ఇటు తేడా లేదు. పథకంలో లేని జబ్బుల చావుల్లోనూ తేడా లేదు. ఉత్తరం వైపు నీళ్లో, రోడ్లో, ఇంకేదో బాగుండి చావులు తగ్గి ఉంటే ఇవి కూడా తగ్గి ఉండాలి. మందు పనిచేసిందా అని చూసేటప్పుడు, పనిచేయకూడని చోట పనిచేయలేదా అని కూడా చూడడం మాకు నేర్పుతారు. అదే పని వీళ్లు చేశారు.

లెక్కల మేడం, పాలమూరు
బుధవారం, ఉదయం 6:30

డాక్టర్ గారు చాలా బాగా చెప్పారు. ఒక్క మాట కలుపుతాను. తేడా ఇంత పెద్దగా కనబడినప్పుడు ఇంకో చోట, ఇంకొకళ్లు చేసినా ఇట్లాగే వస్తుందా అని ఎదురుచూడడం మంచిది. ఇది ఆ పరిశోధనను తప్పుపట్టడం కాదు. ఒక్క బోరు నీళ్లు చూసి ఊరంతటికీ నీటి లెక్క కట్టం కదా.

గద్వాల కోట
బుధవారం, ఉదయం 9:05

మరి అమెరికాది?

హౌస్‌సర్జన్
బుధవారం, రాత్రి 10:40

డ్యూటీ వల్ల ఆలస్యమైంది. ఒరెగాన్ రాష్ట్రంలో 2008లో పేదల బీమాకు సీట్లు తక్కువ, అడిగినవాళ్లు దాదాపు 90 వేల మంది. లాటరీ తీశారు. సుమారు 30 వేల మంది పేర్లు వచ్చాయి. లాటరీ కాబట్టి పేరు వచ్చినవాళ్లకు, రానివాళ్లకు అదృష్టం తప్ప తేడా లేదు. పోలికకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

రెండేళ్ల తర్వాత చూస్తే, వైద్యం ఖర్చుతో కుటుంబం కుప్పకూలడం దాదాపు ఆగిపోయింది. డిప్రెషన్ తగ్గింది. షుగర్ ఉందని బయటపడినవాళ్లు, మందు వాడేవాళ్లు పెరిగారు. బీపీ, కొలెస్ట్రాల్, మూడు నెలల షుగర్ పరీక్షలో మాత్రం నమ్మకంగా చెప్పదగ్గ తేడా కనబడలేదు. ఎమర్జెన్సీకి రావడం తగ్గుతుందనుకుంటే 40 శాతం పెరిగింది.

ఇక్కడ జాగ్రత్త. "తేడా కనబడలేదు" అంటే "తేడా లేదు" అని కాదు. అంతమందిలో షుగర్ ఉన్నవాళ్లు కొద్దిమందే. కొద్దిమందిలో చిన్న మార్పు వచ్చినా లెక్కకు దొరకదు. రెండేళ్లు కూడా తక్కువే. "బీమా వల్ల ఆరోగ్యం బాగుపడదని రుజువైంది" అని రాసేవాళ్లు ఈ ఒక్క ముక్కనే పట్టుకుంటారు. అప్పుల ముక్కను వదిలేస్తారు. నాకు అది అన్యాయంగా అనిపిస్తుంది.

మిర్యాలగూడ మెడికల్స్
గురువారం, ఉదయం 7:20

మంచి మాట డాక్టర్ గారూ. మేడం మొన్న నాతో అన్నది కూడా ఆలోచించాను, నిజమే. కేసీఆర్ కిట్ మీద కూడా ఇట్లాగే చూడొచ్చా? 2017 జూన్‌లో మొదలైంది. సర్కారు దవాఖానలో కాన్పయి మగపిల్లాడు పుడితే 12 వేలు, ఆడపిల్ల పుడితే 13 వేలు ఇచ్చేవాళ్లు. దాని తర్వాతే సర్కారు దవాఖానల్లో కాన్పులు పెరిగాయి, తల్లుల మరణాలు తగ్గాయి. ఇందులో అనుమానం లేదు కదా?

లెక్కల మేడం, పాలమూరు
గురువారం, మధ్యాహ్నం 12:50

కాన్పుల సంగతిలో నాకూ పెద్దగా అనుమానం లేదన్నా. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం సర్కారు దవాఖాన కాన్పులు 2015-16లో 30 శాతం చిల్లర, 2019లో 49.7 శాతం. నాలుగేళ్లలో అంత మార్పు ఊరికే రాదు.

తల్లుల మరణాల దగ్గర ఆగాలి. లక్ష కాన్పులకు ఉమ్మడి రాష్ట్రంలో 2004-06లో 154 మంది చనిపోయారు. 2007-09లో 134, 2010-12లో 110. తెలంగాణలో 2014-16కు 81, 2018-20 నాటికి 43. కిట్ రాకముందే పదేళ్లుగా అంకె దిగుతూనే ఉంది. 108 బండ్లు 2005లో వచ్చాయి, ఆశా కార్యకర్తలు వచ్చారు, రోడ్లు పడ్డాయి. కాబట్టి "కిట్ వచ్చింది, మరణాలు తగ్గాయి" అంటే సరిపోదు. కిట్ వచ్చాక తగ్గే వేగం పెరిగిందా అని అడగాలి. 2016-18లో 63 ఉన్నది రెండేళ్లు జరిగేసరికి 43 అయిందంటే వేగం పెరిగిందనే అనిపిస్తుంది. ఎంత భాగం కిట్‌ది, ఎంత భాగం మిగతావాటిది అని ఈ అంకెలతో విడదీయలేం.

కొలిచేది మార్చి చూస్తే కథ ఇంకో రకంగా ఉంటుంది. అదే 2019 సర్వేలో మన రాష్ట్రంలో 60.7 శాతం కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటులో 81.5, సర్కారులో 44.5. కాన్పు ఎక్కడ జరిగిందన్నది కొలిస్తే గెలిచాం. కడుపు కోశారా లేదా అన్నది కొలిస్తే తలవంచుకోవాలి.

మర్రిగూడ
గురువారం, రాత్రి 8:15

కొలిచేది మార్చడం గురించి మాకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు మేడం. మాది ఫ్లోరైడ్ ఊరు. మిషన్ భగీరథ నీళ్లు వచ్చాక రాష్ట్రంలో 967 ఫ్లోరైడ్ ఆవాసాలు సున్నా అయ్యాయని పేపర్లో చదివాం. కృష్ణ నీళ్లు నల్లాలో వస్తున్న మాట నిజం. మా పిల్లల పళ్లు మా పళ్ల లాగా లేవు, దానికి చేతులెత్తి దండం పెడతాను. కానీ ఆ సున్నా నీళ్ల లెక్క, మనుషుల లెక్క కాదు. మా పెద్దమ్మ నడుము వంగి, నేలకు చేతులు ఆనించి నడుస్తుంది. ఆమె "సున్నా"లో ఉంది. ఎముకలకు పట్టిన ఫ్లోరైడ్ నీళ్లు మారగానే పోదు. పెన్షన్, నొప్పి మందులు, ఫిజియోథెరపీ కావాలి. సున్నా అని రాసుకున్నాక అవి అడిగితే "మీ ఊళ్లో సమస్య తీరింది కదా" అంటారు.

పుట్టపాక
గురువారం, రాత్రి 9:30

అందరికీ ధన్యవాదాలు. ఇదంతా చదివాక ఇవాళ అమ్మను అడిగాను. నాయన ఆపరేషన్ అప్పుడు అమ్మ లెక్కలు నా పాత టెన్త్ నోట్‌బుక్‌లో రాసింది. బీరువాలో బట్టల కింద దాచి ఉంచింది. పేజీ మీద నూనె మరక, అంకెలు పెన్సిల్‌వి. ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

నల్లగొండలో ఎకో, రక్తపరీక్షలు: 4,200. పట్నానికి కారు: 3,500. తొమ్మిది రోజులు ఇద్దరికి తిండి, దవాఖాన ఎదురు గది: 6,300. ఆపరేషన్: ఇక్కడ ఏమీ రాయలేదు, ఒక గీత గీసింది. ఇంటికొచ్చాక మందులు నెలకు 1,850, పద్నాలుగు నెలలు. మగ్గం ఆగింది: రెండు నెలల పదిరోజులు. దాని ఎదురుగా అంకె లేదు. "మాస్టర్ వీవర్ దగ్గర బాకీ" అని మాత్రం ఉంది.

ఆపరేషన్‌కు పైసలు కట్టాల్సి వస్తే మా ఇల్లు పోయేది. పరిశోధనలో "ఆసుపత్రి ఖర్చు తగ్గింది" అన్నది ఆ గీత. "చితికిపోవడంలో తేడా కనబడలేదు" అన్నది ఆ గీతకు పైన, కింద ఉన్న వరుసలు. రెండు వాక్యాలూ మా ఇంటి గురించే అని ఇవాళ అర్థమైంది.

సబ్‌సెంటర్ అక్క
శుక్రవారం, ఉదయం 6:10

తమ్ముడూ, ఆ మందుల వరుస చూసి మనసు చివుక్కుమంది. కొన్ని ఆపరేషన్లకు ఆరోగ్యశ్రీలోనే ఏడాది పాటు ఫాలోఅప్, మందులు ఉంటాయి. డిశ్చార్జి అప్పుడు మీకు ఎవరూ చెప్పలేదా?

పుట్టపాక
శుక్రవారం, ఉదయం 6:45

చెప్పలేదక్కా. చీటీ ఇచ్చి కింద షాపులో కొనుక్కోమన్నారు. నాయన పోయి మూడేళ్లయింది, ఇప్పుడు ఎవరినీ అనదలుచుకోలేదు. కానీ 14 నెలలు అంటే 25,900. అప్పులో పెద్ద ముక్క అదే.

లెక్కల మేడం, పాలమూరు
శుక్రవారం, ఉదయం 7:30

నాయన గారి సంగతి తెలిసి బాధగా ఉంది తమ్ముడూ.

నువ్వు రాసిన దాంట్లో ఒక పెద్ద విషయం ఉంది, అందుకే చెప్తున్నాను. జీవోలో ఏమున్నది అన్నది పథకం కాదు, ఇంటి దాకా ఏం వచ్చింది అన్నదే పథకం. మంచి పరిశోధన ఆ రెండోదాన్నే కొలుస్తుంది. 2023 డిసెంబరులో ఆరోగ్యశ్రీ పరిమితి పది లక్షలకు పెంచారు. మంచిదే. కానీ మీ ఇంట్లో అప్పు తెచ్చిన వరుసల్లో ఒక్కదానికీ పది లక్షలతో సంబంధం లేదు.

రాజస్థాన్‌లోని ఉదయపూర్‌లో జరిగింది కూడా సభలో చెప్పు, పీహెచ్‌సీ వైపు మాట్లాడేవాళ్లకు పనికొస్తుంది. సబ్‌సెంటర్లకు నర్సులు రావడం లేదని టైము ముద్రపడే మిషన్లు పెట్టారు, రాకపోతే జీతం కోత అన్నారు. బెనర్జీ, డఫ్లో, గ్లెనర్‌స్టర్ రాసిన అధ్యయనం ఇది. మొదటి కొన్ని నెలలు హాజరు బాగా పెరిగింది. పదహారు నెలలు తిరిగేసరికి తేడా లేకుండా పోయింది. ఎందుకంటే పై అధికారులే "మినహాయింపు రోజులు" ఇవ్వడం పెంచారు. ఆరు నెలలకే లెక్క ఆపి ఉంటే ఇది గొప్ప విజయమని రాసుకునేవాళ్లు.

సబ్‌సెంటర్ అక్క
శుక్రవారం, మధ్యాహ్నం 2:00

మేడం, అది నర్సులు బద్ధకస్తులని చెప్పే కథగా పోకూడదు. నేను సెంటర్‌లో లేని రోజు మీటింగ్‌లోనో, సర్వేలోనో, పల్స్ పోలియోలోనో ఉంటాను. మిషన్‌కు నేను "గైర్హాజరు". హాజరును కొలిస్తే హాజరే వస్తుంది. ఆ రోజు ఎంతమంది గర్భిణులకు బీపీ చూశామన్నది కొలవండి.

లెక్కల మేడం, పాలమూరు
శుక్రవారం, మధ్యాహ్నం 2:20

ఒప్పుకుంటున్నాను అక్కా. మీరన్నది ఆ అధ్యయనం మీద న్యాయమైన ప్రశ్న. తమ్ముడూ, దీన్ని కూడా కలిపి చెప్పు.

ఇంకొకటి. అమ్మగారి నోట్‌బుక్ చూపిస్తావు కదా, తప్పకుండా చూపించు. కానీ అది ఆపరేషన్ అయిన ఇల్లు. మీ చుట్టుపక్కల అదే జబ్బు వచ్చి, కార్డు లేకనో, పోలేకనో ఆపరేషన్ కాని ఇల్లు ఉందా? దాని లెక్క కూడా పక్కన పెడితేనే పోలిక అవుతుంది.

పుట్టపాక
శుక్రవారం, రాత్రి 10:15

ఉంది మేడం. మా వెనక వీధిలోనే. అప్పట్లో వాళ్లకు తెల్ల రేషన్ కార్డు లేదు, పట్నం పోలేదు. ఆ ఇంటాయన మా నాయన కంటే రెండేళ్లు ముందే పోయాడు. ఆయన భార్య ఇప్పటికీ మగ్గం నూలుకు ఆసు పోస్తుంది. ఇన్నేళ్లలో మేము ఆ మాట ఎప్పుడూ ఎత్తలేదు. ఎట్లా అడగాలో నాకు తెలియడం లేదు. అమ్మకు చెప్తే, నువ్వు ఒక్కడివే పోకు, నేనూ వస్తాను, నోట్‌బుక్ కూడా తెస్తాను, ముందు మన లెక్క చెప్పి తర్వాత అడుగుదాం అంది. ఆదివారం పోతున్నాం.